హిల్డా సన్మానానికి హిల్డాను రానివ్వలేదు

హిల్డా నతోమగన్‌కు ఆ ఆస్పత్రి పుట్టింటి కింద లెక్క. ఉత్తర సస్కాచవాన్‌లోని ఆ చిన్న ఆస్పత్రి లాండ్రీలో ఏళ్ల తరబడి దుప్పట్లు ఉతికి, మడిచి రిటైరైంది. ఉతకడం మాత్రం అక్కడ నేర్చుకున్నది కాదు. చిన్నప్పుడు ప్రభుత్వం వాళ్లు మిగతా ఆదివాసీ పిల్లలతో పాటు పడవెక్కించి తీసుకుపోయిన బోర్డింగ్ స్కూల్లో అక్షరాలకన్నా ముందు నేర్పింది అదే. అక్కడ ఆమె జడలు కత్తిరించారు. ఇంటి భాష క్రీలో మాట్లాడితే సబ్బుతో నోరు కడిగారు. తమ్ముడు నోర్బర్ట్ అదే భోజనాల హాల్లో మగపిల్లల వరుసలో కూర్చునేవాడు. అక్కాతమ్ముళ్లు పలకరించుకోకూడదు. గంజి తాగుతూ వాడు చెవి గోక్కుంటే, బాగానే ఉన్నాడని ఆమె అర్థం చేసుకునేది.

ఆ సెప్టెంబరులో హిల్డా నిమోనియాతో ఆస్పత్రిలో చేరింది. నోర్బర్ట్ అన్నదమ్ముల పిల్లల్నందరినీ రెండు బండ్లలో వేసుకుని వచ్చాడు. రోగి దగ్గరికి ఒకసారి ఇద్దరికి మించి వెళ్లకూడదని గోడ మీద కాగితం అంటించి ఉండడంతో, మిగతావాళ్లు పార్కింగ్‌లోనే పొయ్యి పెట్టుకుని టీ కాచుకుంటూ కాపురం మొదలుపెట్టారు.

సరిగ్గా ఆ వారమే, బోర్డింగ్ స్కూళ్ల నుంచి బతికి బయటపడ్డవాళ్లను గౌరవించాలని ఆస్పత్రి సిబ్బంది సభ తలపెట్టారు. డైరెక్టరు గ్వెన్ పెట్రీ స్వయంగా మంచం దగ్గరికి వచ్చి, ముఖ్య అతిథిగా ఉండమని కోరింది. నేనేం చెయ్యాలని హిల్డా అడిగితే, కూర్చుంటే చాలంది. ఇన్నాళ్లుగా పడుకోవడమే చేతనవుతోంది, కూర్చోవడానికి కూడా ప్రయత్నిస్తానని హిల్డా మాటిచ్చింది.

ఆ స్కూళ్లకు పోయిన పిల్లల గుర్తుగా సభకు అందరూ నారింజ రంగు చొక్కాలు వేసుకోవాలి. తెప్పించిన పెట్టె విప్పితే అన్నీ పిల్లల సైజులే. మార్చే వ్యవధి లేదు. సభనాటి ఉదయం నర్సులు ఊపిరి బిగబట్టి వాటిల్లో దూరారు. నర్సు డార్లీన్ చొక్కా పొట్ట పైనే ఆగిపోయింది. ఆ బుల్లి చొక్కా అంచును హిల్డా వేళ్లతో పట్టి చూసింది. స్కూలుకు తీసుకుపోయిననాటి ఆ సైజు తనకు తెలుసు. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, ఆక్సిజన్ యంత్రం కూతపెట్టేదాకా ఆపలేదు.

డార్లీన్ ఆమెను చక్రాల కుర్చీలో కిందికి తీసుకొచ్చింది. సభ జరిగే హాలు మధ్య రిబ్బను కట్టి ఉంది. కొత్తగా చేరిన గార్డు క్రెయిగ్ అడ్డం నిలబడ్డాడు. ఆస్పత్రి గౌనుతో, సెలైన్ స్టాండుతో అతిథుల్లోకి వెళ్లకూడదట.

"ముందు కుర్చీ హిల్డా నతోమగన్ గారిదమ్మా. ఆవిడ వచ్చేదాకా దారికి అడ్డం ఉండకూడదు," అన్నాడు.

డార్లీన్ నోరు తెరవబోతే హిల్డా ఆమె చెయ్యి గిల్లింది.

"ఆవిడెలా ఉంటుందో నాకూ చూడాలనుంది బాబూ. ఇక్కడే ఉంటాలే," అంది.

ఈలోగా నోర్బర్ట్ బాత్‌రూం వెతుక్కుంటూ లోపలికి వచ్చాడు. ఎవరో గుర్తుపట్టి, హిల్డా గారి తమ్ముడని చెప్పారు. ఆవిడ ఇంకా రాలేదు కదా అని గ్వెన్ అతన్నే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టి, గౌరవంగా భుజాల మీద దుప్పటి కప్పింది. తను బాత్‌రూం కోసం వచ్చానని అతను రెండుసార్లు చెప్పాడు. ఎంత వినయమో అనుకున్నారందరూ.

ఈ రోజు మనం వినడానికే వచ్చామంటూ గ్వెన్ ప్రసంగం అందుకుంది. అప్పుడు నోర్బర్ట్‌కు తలల మీదుగా అక్క కనబడింది.

"అక్కా, అక్కడేం చేస్తున్నావే?" అని క్రీలో కేకేశాడు.

"నాకోసమే చూస్తున్నాన్రా. ఇంకా రాలేదట."

"నాకు దుప్పటి కప్పారు."

"ఉన్నిదేనా?"

క్రెయిగ్ వంగి, ప్రసంగం జరుగుతోంది, మాట్లాడకూడదమ్మా అని పెదాల మీద వేలు పెట్టాడు. హిల్డా అతని వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"నేనూ వాడూ ఒకే హాల్లో కూర్చుంటే మాట్లాడుకోవద్దని చెప్పినవాళ్లలో నువ్వు మొదటివాడివి కాదు బాబూ," అంది ఇంగ్లీషులో.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. గ్వెన్ చేతిలోని కాగితాల వైపు చూసి, వాటిని మడిచేసింది. వెనక్కి నడిచొచ్చి రిబ్బను తనే విప్పింది. క్షమించమని అడిగి, చక్రాల కుర్చీని నోర్బర్ట్ పక్కకు తోసింది. ప్రసంగం చాలు, మీరు మాట్లాడుకోండి అంది. మైకు అక్కడి నుంచి తియ్యాలని ఎవరికీ తోచలేదు.

అక్కాతమ్ముళ్లు క్రీలో మాట్లాడుకున్నారు. కుక్క అతని మంచం కింద ఈనిన సంగతి, పడవ మోటారు మొరాయించడం, వల ఎవరి దగ్గరుందో, పినతండ్రి కొడుకు మూడో పెళ్లి, అన్నీ మైకులో పలికాయి. బిగుతు చొక్కాల్లో సిబ్బంది, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, చేతులు కట్టుకుని భక్తిగా విన్నారు. మోటారు దగ్గరికి వచ్చేసరికి ఒక డాక్టరు కళ్లు తుడుచుకున్నాడు. క్రీ తెలిసిన డార్లీన్ నవ్వు ఆపుకోలేక స్టాండు వెనక దాక్కుంది. హిల్డాకు మాత్రం గొంతు నొప్పెట్టినా ఆపబుద్ధి కాలేదు. ఒక హాల్లో వాడితో ఇంత పెద్దగా మాట్లాడడం ఆమెకు అదే మొదటిసారి.

చప్పట్లు ఆగకముందే నోర్బర్ట్ దుప్పటితోనే బాత్‌రూంకు పరుగెత్తాడు. క్రెయిగ్ పార్కింగ్‌లోకి వెళ్లి, మిగతా చుట్టాలను తనే పిలుచుకొచ్చాడు. గ్వెన్ గోడ మీది నిబంధన చింపేసింది.

మర్నాడు డాక్టరు వచ్చేసరికి హిల్డా గది నిండా రొట్టెల వాసన, మనుషులు. రోగి ఎవరని అడిగితే ముగ్గురు చెయ్యెత్తారు. హిల్డా నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది.