బాబాయిగారి ఇంటి మెరుపు

బాబాయిగారికి పక్కవాళ్ల చెత్తబుట్ట కనిపిస్తే చాలు, చెయ్యి ఊరుకోదు. ఊరంతా పారేసింది ఆయనకు పెన్నిధి. చచ్చిన మిక్సీని చంటిబిడ్డలా ఎత్తుకుని మెట్లెక్కి, గుమ్మంలోనే ప్రకటించేవారు: "ఇందులో ఇంకా ప్రాణం ఉందే!"

"దానికుందేమో. నాకు పోతోంది," అనేవారు పిన్నిగారు.

మేడ మీద రెండు గదుల్లో అద్దెకుండే ఈ దంపతులు వీధి మొత్తానికి బాబాయిగారూ పిన్నిగారూ. ఆయన లిఫ్టులు బాగుచేసి బాగుచేసి రిటైరయ్యారు. రిటైరైన మగవాడు పేపరు చదువుతాడు, నడకకు వెళతాడు, లేదా పెళ్లాంతో పోట్లాడతాడు. ఈయనకు మొదటి రెండింటికీ తీరిక లేదు. మూడోదానికి పిన్నిగారు కారణం వెదకాల్సిన పనే లేకుండా ఈయనే రోజుకొకటి మోసుకొచ్చేవారు.

ఆ వానాకాలం, మూతపడ్డ బట్టల కొట్టు నియాన్ లైట్ల బోర్డులోంచి ఇటుకంత ట్రాన్స్‌ఫార్మర్ ఊడదీసుకొచ్చారు.

"దీంతో ఏం వెలగబెడతారు?"

"టెస్లా కాయిల్. ఇంట్లోనే మెరుపు పుట్టించే యంత్రం."

"వంటింట్లో బల్బు పోయి వారమైంది, అది మార్చండి మహానుభావా అంటే మెరుపు తెస్తారా!"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. కరెంటును పట్టి ఉంచడానికి సీసాల నిండా ఉప్పునీళ్లు కావాలట. ఉప్పు డబ్బా ఖాళీ. మధ్యాహ్నం ఆయనే ముద్ద నోట్లో పెట్టుకుని, "కూర చప్పగా ఉందేమిటి?" అన్నారు.

"ఉప్పంతా మీ సీసాల్లో ఉంది. వంచుకు తినండి."

తర్వాత పాత ఫ్యాన్లలోంచి తీసిన వెంట్రుకలాంటి రాగి తీగ. దాన్ని ప్లాస్టిక్ గొట్టానికి చుట్టు పక్కన చుట్టు, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చుట్టాలి. ఆ పనిలో ఉన్నంతసేపూ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు.

"ఏమండీ, పాలు..."

తీగ టప్పున తెగింది. పాలూ పొంగిపోయాయి.

చివరికి రెండు స్టీలు బేసిన్లు మాయమై, ఒకదాని నోటికొకటి బోర్లించుకుని ఆ గొట్టం నెత్తిన కిరీటమై కూర్చున్నాయి. బాబాయిగారు స్విచ్చి వేశారు. మెరుపు రాలేదు సరికదా, మేడంతా చీకటైంది. కొవ్వొత్తి పట్టుకుని ఇంటి ఓనరు పైకొచ్చాడు.

"పెద్దవారని ఊరుకుంటున్నాను. మళ్లీ ఒక్కసారి కరెంటు పోయిందా, ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే!"

పిన్నిగారికి ఏడుపొచ్చింది. ఆ ఇంటి కిటికీ అన్నా, అందులోంచి వచ్చే గాలన్నా ఆమెకు ప్రాణం. ఈ వయసులో మళ్లీ మూటాముల్లె సర్దుకోవాలా?

"ఈ ఇంట్లో ఆ యంత్రమైనా ఉండాలి, నేనైనా ఉండాలి. తేల్చుకోండి!"

ఆయన నోరు తెరిచేలోగా ఆకాశం ఫెళ్లుమంది. పిన్నిగారి మొహం మారిపోయింది. "బీరువా సర్దాలి," అంటూ గదిలోకి పరుగెత్తి, మడత పెట్టిన చీరల మధ్య తల దూర్చి కళ్లు మూసుకున్నారు. పెళ్లయిన నాటినుంచీ ఉరిమినప్పుడల్లా ఇదే వరస. అంత శుభ్రంగా సర్దిన బీరువా ఆ వీధిలో మరోటి లేదు. కారణం ఎవరికీ తెలియదని ఆమె ధీమా.

మర్నాడు సాయంత్రం వాన తెరిపిచ్చి ఆకాశం తేటపడింది. బాబాయిగారు యంత్రానికి విడిగా ఫ్యూజు బిగించి, ఈసారి కరెంటు పోదని ఓనరును ఒప్పించి కింద మీటరు దగ్గర కాపలా పెట్టి, పిన్నిగారిని పిలిచారు. గది ఈ చివర కుర్చీ వేసి కూర్చోబెట్టి, పొడుగాటి వైరు చివరనున్న స్విచ్చిని చేతికిచ్చారు. అది వాళ్ల కాలింగ్‌బెల్ స్విచ్చే!

"నొక్కు. నువ్వు నొక్కితేనే ఉరుముతుంది. వదిలేస్తే నోరు మూసుకుంటుంది."

"నాకెందుకండీ ఇవన్నీ?"

"ఎన్నేళ్లని సర్దుతావు ఆ బీరువా? చీరలు మడతల్లోనే అరిగిపోతున్నాయి."

పిన్నిగారు చప్పున ఆయన వైపు తిరిగారు. "మీకెప్పుడు తెలిసింది?"

"పెళ్లయిన మొదటి వానకే."

"మరి ఇన్నాళ్లూ అన్నారు కాదేం?"

"అంటే నువ్వు చిన్నబుచ్చుకోవూ? పైనున్న దానికి స్విచ్చి పెట్టడం నా వల్ల కాలేదు. అందుకే చిన్నది చేశాను."

పిన్నిగారు కళ్లు గట్టిగా మూసుకుని నొక్కారు. చిటపటమంటూ ఊదారంగు మెరుపు బేసిన్ల మీంచి గాల్లోకి లేచింది. కెవ్వుమని వదిలేశారు. ఆగిపోయింది. ఒక కన్ను తెరిచి మళ్లీ నొక్కారు. మూడోసారికి రెండు కళ్లూ తెరిచారు. యంత్రం పక్కన గోడకు ఆనించిన పాత ట్యూబులైటు, ఏ వైరూ లేకుండానే తెల్లగా వెలిగింది.

"అయ్యో, అది పోయిన ట్యూబు కదండీ!"

"అందులో ఇంకా..."

"ప్రాణం ఉంది. తెలుసు లెండి."

కిందనుంచి ఓనరు కేకేశాడు. "పిన్నిగారూ, పైన కరెంటు ఉందా?"

"నిక్షేపంలా ఉందండీ!"

"మరి ఆ చప్పుడేంటి?"

పిన్నిగారు స్విచ్చి చేత్తోనే పట్టుకుని, కిటికీలోంచి తల బయటపెట్టి, మచ్చుకైనా మబ్బులేని ఆకాశాన్ని ఒకసారి చూశారు.

"ఉరిమిందండీ!" అని, మళ్లీ నొక్కారు.