ముఖం గీసిన చేయి వేరు

నేను రిటైరు కావడానికి ముందు ఏడాది, ఫిబ్రవరిలో, పెనుకొండలో జరిగిన చిత్రలేఖన పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా వేశారు. అప్పుడు ధర్మవరంలో ఒక హైస్కూల్లో డ్రాయింగ్ టీచరుగా ఉన్నాను. పెన్సిల్‌తో గీసిన మనుషుల బొమ్మలు నా విభాగం. గెలిచినవారికి ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో సీటుకు సిఫారసు దొరికేది. అందుకని ఇంట్లో గీసి పంపిన ప్రతి బొమ్మనూ అనుమానంతోనే చూసేవాళ్లం. నాకు పైన, ముఖ్య నిర్ణేతగా, హిందూపురం నుంచి ఒక మాజీ ప్రిన్సిపాల్ వచ్చారు.

ధర్మవరం నేతగాళ్ల అమ్మాయి సుజాత పంపిన బొమ్మ దగ్గర ఇద్దరం ఆగిపోయాం. రాట్నం ముందు కూర్చున్న ముసలమ్మ. ముఖం అచ్చం ఫొటోలా ఉంది. "ఇది ఆ పిల్ల గీసింది కాదు, తీసి పక్కన పెట్టండి మేడం" అన్నారాయన. నాకూ అదే అనుమానం. అయినా వెంటనే పెట్టలేదు.

మేం మొదట చూసేది గీత. బరువు పడే మోచేతి కింద గీత ముదిరి, వెలుతురు తగిలే భుజం మీద దాదాపు మాయమైంది. చూసి గీసే చేయి అలా ఒత్తిడి మారుస్తుంది. ముఖం చుట్టూ మాత్రం గీత అంతటా ఒకే మందం. తర్వాత చూసేది నీడ. చీర మడతల్లో నీడ మోకాలి గుండ్రదనాన్ని పట్టి తిరిగింది. చెంప మీద వేలితో రుద్దిన మసి తప్ప, కింద ఎముక ఉన్న జాడే లేదు. కాగితం వెనక తడిమితే ముఖం దగ్గర మాత్రమే గీత ఉబ్బుగా తగిలింది. పైన మరో బొమ్మ పెట్టి, గట్టిగా ఒత్తి దించిన గుర్తు అది.

సుజాతను పిలిపించాం. ప్రిన్సిపాల్ గారు గద్దించి అడిగారు. ఆ అమ్మాయి బొమ్మలో ముఖం మీద వేలు పెట్టింది.

"మొగం నాది కాదు సార్. మా అవ్వకు ఒక కన్ను చిన్నది. అట్లుంటే ప్రైజు రాదని మా డ్రాయింగు సారు తుడిపేసినాడు. ఇంకెవరో ముసలామె ఫొటో పెట్టి దించినాడు. వద్దంటే ఇంటాడా?"

ఆయన నమ్మలేదు. ఇదీ నేర్పించిన మాటే అయివుండొచ్చని నాకూ అనిపించింది. అటెండరు నారాయణమ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టి, మా ఎదుటే గీయమన్నాం. "యాడ చూడల్ల నేను?" అని నారాయణమ్మ నవ్వింది. సుజాత నవ్వలేదు. చెంప ఎముక ఒక్క గీతలో వచ్చింది. గడ్డం కింద చీకటి పెట్టి, నుదుటి మీద కాగితాన్ని తెల్లగా వదిలేసింది. నారాయణమ్మ వంకర ముక్కును సరిచేయలేదు. ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

పరాయి చేయి పడ్డ బొమ్మకు బహుమతి ఇవ్వకూడదన్నది నియమం, ఇవ్వలేదు. గెలవకపోయినా సిఫారసు రాసే వీలు నిర్ణేతలకు ఉంది; అది మా ఎదుట గీసిన బొమ్మను బట్టి రాశాం. సుజాతకు సీటు వచ్చింది. మా ఊళ్లోనే వేరే స్కూల్లో పనిచేసే వాళ్ల డ్రాయింగు సారు ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేశాడు.

ఈ పనిలో అనుమానం లేకుండా కుదరదు. కాకపోతే బొమ్మ మొత్తాన్ని ఒకేసారి అనుమానిస్తే దొంగతో పాటు గీసిన మనిషినీ బయటికి పంపేస్తాం. ఒక్కో గీతనూ విడిగా అనుమానించాలి.