తిన్నాకే నీళ్ళు

ఆ రోజు ఉదయం నుంచి సముద్రం గాలి తేమగా వీస్తోంది. కళ్ళంలో ఎండబోసిన జీడిపిక్కలు ఇంకా గలగలమనడం లేదు. మధ్యాహ్నం దాటేసరికి పడమట కొండల మీద మబ్బు పట్టింది. నేనూ నా భార్యా పిక్కల్ని కుప్ప చేసి టార్పాలిన్ కప్పుతుంటే, మావ పక్కింటి మనిషి సైకిల్ మీద వచ్చాడు. దిగకుండానే, ఒక కాలు నేల మీద ఆనించి, "మీ మావ పోనాడురా" అన్నాడు. టార్పాలిన్ మూలల మీద రాళ్ళు పెట్టి బయల్దేరాను. వాన మాత్రం పడలేదు.

పోయింది మా అమ్మకి పెద్దన్న. డెబ్బై దాటిన మనిషి. పొద్దున్నే కొబ్బరి తోటకి నీళ్ళు కట్టి వచ్చాడట. బండి మీద దుమ్ము తుడిచి, చేతులు కడుక్కుని, అన్నం తిని, పాకలో మంచం మీద నడుం వాల్చాడు. అత్త మజ్జిగ తీసుకెళ్ళి లేపితే లేవలేదు. అంతే.

మంచం పట్టకుండా పోయాడని వచ్చినవాళ్ళందరూ అన్నారు. ఎక్కడైనా అనే మాటే ఇది. మా ఉద్దానంలో మాత్రం దీని బరువు వేరు. కాళ్ళు వాచాయంటే చాలు, ఆ ఇంట్లో మాటలు తగ్గిపోతాయి. నలభై దాటని మగవాళ్ళు కూడా కిడ్నీలు చెడి ఆసుపత్రుల చుట్టూ తిరిగి తిరిగి అయిపోయారు. అందుకే మావ గురించి రాయడానికి కూర్చుంటే నాకు ఏడుపు కంటే ముందు ఊపిరి తేలికవుతోంది. చదివేవాళ్ళు తప్పుగా అనుకోవద్దు.

మావని తలుచుకుంటే బండి లేకుండా కుదరదు. గోల్ఫ్ ఆట ఎలా ఉంటుందో మావకి తెలియదు, నాకూ తెలియదు. ఆ ఆట ఆడేవాళ్ళు మైదానంలో తిరిగే బ్యాటరీ బండి మాత్రం మా ఊరికి వచ్చింది. పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీ యజమాని దాన్ని విశాఖపట్నంలో వేలంలో కొన్నాడు. ఆవరణలో డబ్బాలు మోయించాడు. అది మొరాయించాక ఓ మూల పడేసి, ఏళ్ళ తరబడి తనకి పిక్కలు పోసిన రైతు కదా అని మావకి ఇచ్చేశాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ట్రాక్టరు తొట్టిలో కూర్చుని వచ్చింది. ఊరంతా పాక ముందు చేరింది.

"ఏటి మావా, పెట్రోలు అక్కర్నేదా దీనికి?" అన్నాను.

"అక్కర్నేదు అల్లుడా. కరెంటు తింటాది, నీళ్ళు తాగుతాది. మీ అత్తలాగ సప్పుడు మాత్రం సెయ్యదు."

అత్త గుమ్మంలోంచే అంది: "నాను సప్పుడు సెయ్యకపోతే నువ్వు పొద్దున్న నెగుత్తావేటి?"

సీటు కింద ఆరు బ్యాటరీలు, వరసగా వైర్లతో కలిపి ఉండేవి. వాటికి నీళ్ళు పోసే పని అత్త తీసుకుంది. మా వైపు ఇంటికొచ్చినవాడికి చెంబు అందిస్తే నీళ్ళు అంచుదాకా ఉండాలి. వెలితి చెంబు ఇస్తే మళ్ళీ రావద్దన్నట్టే. అత్త బ్యాటరీలకి కూడా అదే మర్యాద చేసింది. పొద్దున్నే మూతలన్నీ తీసి, మావ తోడి ఇచ్చిన నూతినీళ్ళు అంచుదాకా పోసేది. ఆ తర్వాత మావ ఛార్జింగ్ పెట్టేవాడు. వాళ్ళిద్దరూ ఎంత శ్రద్ధగా చేశారో అంత శ్రద్ధగానూ బ్యాటరీలు పాడయ్యాయి. ఛార్జింగ్ ఎక్కేకొద్దీ లోపలి యాసిడ్ పొంగి మూతల్లోంచి కారింది. పాకలో సిమెంటు గచ్చు పొడిపొడిగా లేచింది. వైర్లు బిగించిన చోట తెల్లగా, పచ్చగా బూజు లాంటి పొడి పేరుకుంది. అత్త చీర కుచ్చిళ్ళ నిండా చిల్లులు పడ్డాయి. ఆమె ఎలకల్ని తిట్టింది.

కాశీబుగ్గలో బ్యాటరీల కొట్టాయన ఆ చీర చిల్లుల సంగతి విని అసలు లోపం పట్టేశాడు. నూతినీళ్ళు పనికిరావు, కొట్లో అమ్మే బ్యాటరీ నీళ్ళే పోయాలి. లోపలి పలకలు మునిగితే చాలు, అంచుదాకా అక్కర్లేదు. పలకలు బయటపడి ఉంటే తప్ప, ఛార్జింగ్ పూర్తయ్యాకే పోయాలి. మావ ఇదంతా దారిపొడవునా బస్సులో వల్లెవేసుకుంటూ వచ్చి, ఇంటి దగ్గర ఒక్క మాటలో చెప్పాడు.

"ముందు దాన్ని తిననియ్యి. తిన్నాకే నీళ్ళు."

"ఎంత పొయ్యాల?"

"ఆకలికి ఎంతో అంత. నిండా వద్దు."

"ఇంటికొచ్చిందానికి వెలితిగా పోత్తే ఏటి మర్యాదయ్యా?"

"అది సుట్టం కాదే."

అత్తకి ఆ మాట నచ్చలేదు. అయినా చెంబు పక్కన పెట్టింది. అప్పటికే ఆ బ్యాటరీలకి జరగవలసిన చెడు జరిగిపోయిందని మా ఎవరికీ తెలియదు.

మరుసటి ఏడు వానలు వెనకబట్టాక అత్త కాళ్ళు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. చూసినవాళ్ళు ఏమీ అనకుండా వెళ్ళిపోయేవాళ్ళు. టెక్కలి ఆసుపత్రిలో రక్తం చూపించుకోమంటే అత్త ససేమిరా అంది. వాళ్ళ తమ్ముణ్ణి ఇలాగే కాళ్ళు వాచాక నులకమంచం మీద పడుకోబెట్టి, నలుగురు ఎత్తి రోడ్డుదాకా మోశారు. అతను తిరిగి రాలేదు. మా ఊరి నుంచి రోడ్డుదాకా తోటల మధ్య ఇసక దారి. ఆటో చక్రాలు దిగబడిపోతాయి. నడవలేనివాళ్ళకి మంచమే దిక్కు.

"మంచం మీద ఎత్తించుకుని ఈదిలోంచి నాను ఎల్లను. ఎల్లినోల్లు వచ్చినారేటి?" అంది అత్త.

"బండి మీదైతే?" అన్నాడు మావ.

అత్త షరతు పెట్టింది: "నా కాళ్ళతో నాను ఎక్కాల. దారిలో అది ఆగిపోతే అక్కణ్ణించే వెనక్కొచ్చేత్తాను. మల్లీ అడగొద్దు."

లావు చక్రాల తేలిక బండి కాబట్టి ఇసకలో పోతుంది. కానీ మర్నాడు పరీక్షకని కొబ్బరికాయల బస్తాలు వేసి తోలి చూస్తే సగం దారిలో చచ్చిపోయింది. మేమిద్దరం నెట్టుకుంటూ తెచ్చాం.

బ్యాటరీల దగ్గర మావ పనితీరు నాకు బాగా గుర్తు. ముందు వేలి ఉంగరం తీసేవాడు. మొలకున్న వెండితాడు కూడా తీసి గూట్లో పెట్టేవాడు. స్పానరుకి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉండేది. బీడీతో ఎవరైనా వస్తే, "ఆర్పి రా, నేదంటే అక్కడే కూకుని మాటాడు" అనేవాడు. ఛార్జింగ్‌లో లేచే గాలికి నిప్పు అంటుకుంటుందని కొట్టాయన చెప్పాడు మరి. ఆ రోజు రబ్బరు బుర్ర ఉన్న గాజు గొట్టంతో బ్యాటరీల్లో ఒక్కో గదిలోంచి యాసిడ్ పీల్చి చూశాడు. చిక్కగా ఉంటే లోపలి బిళ్ళ పైకి తేలుతుంది, పలచబడితే మునుగుతుంది. అన్నిట్లోనూ మునిగే ఉంది. ఛార్జింగ్ పెట్టి, తీసి, కాసేపు ఆగి, నన్ను పెడల్ తొక్కమని ఒక్కో బ్యాటరీకీ మీటరు పెట్టాడు. ఐదు ఎలాగో ఓర్చుకున్నాయి. ఆరోదాని దగ్గర ముల్లు పడిపోయింది.

"దీన్నొక్కదాన్ని మారుత్తే పోదా?" అన్నాను.

"ముసిలోళ్ళ మజ్జిన కుర్రోణ్ణి కట్టినట్టుంటాది. ఆడూ ముసిలోడైపోతాడు. ఆరూ మార్చాల."

కొత్తవి విశాఖపట్నం నుంచి లారీ పార్సిల్లో రావాలి. ఆ నాలుగు రోజులూ మావ తోటకి వెళ్ళలేదు. బ్యాటరీలు వచ్చిన రోజు మేమిద్దరం కలిసి దించాం. పాతవి తీసేసి, బ్యాటరీలు ఉండే తొట్టెని వంటసోడా నీళ్ళతో కడిగి ఆరబెట్టాం. ఒక్కో వైరూ ఎక్కడిది అక్కడ బిగించి, పైన వేజ్‌లైన్ రాశాడు మావ. సముద్రం గాలికి అది తప్పదు. మధ్యాహ్నం ఛార్జింగ్ పెట్టాం. అప్పట్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. అత్త వాచిన కాళ్ళు చాపుకుని పాక గుమ్మంలో కూర్చుంది. పక్కన బ్యాటరీ నీళ్ళ డబ్బా. చూపు ఛార్జరు ముల్లు మీద.

"పొయ్యనా?"

"తిన్నాక."

కాసేపయ్యాక మళ్ళీ, "ఇప్పుడు?"

"తింటంది కదే."

కరెంటు ఒకసారి పోయి వచ్చింది. ముల్లు మళ్ళీ కదిలింది. సాయంత్రానికి ఛార్జింగ్ నిండింది. మావ మూతలు తీసి, "సూడు" అన్నాడు. అత్త లేచి వచ్చి వంగి చూసింది. పలకలు మునిగే ఉన్నాయి. "దీనికి అక్కర్నేదు" అని డబ్బా మూత తనే బిగించింది.

మర్నాడు తెల్లారగానే అత్త తన కాళ్ళతోనే బండెక్కింది. వీధి అరుగుల మీద జనం నిలబడి చూస్తున్నారు. అత్త తల దించుకోలేదు. "బాగా సూడండి. సాయంత్రం మల్లీ ఈ దారినే వత్తాను" అంది. బండి ఆగలేదు. ఇసకలో ఒకచోట మూలిగింది గాని ఆగలేదు. రోడ్డు పక్క టీ బడ్డీ నీడలో దాన్ని పెట్టి బస్సెక్కాం.

టెక్కలిలో రక్తం తీసుకుని మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. డాక్టరు కాగితం చూసి, కిడ్నీలకి ఏమీ లేదనీ, ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉందనీ, మందులు వాడితే వాపు తీస్తుందనీ చెప్పాడు. మావ మళ్ళీ అడిగాడు. డాక్టరు మళ్ళీ చెప్పాడు. మావ బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాడు. తలపాగా విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు.

"బండి ఎండలోకొచ్చుంటాది. ఎల్దాం" అన్నాడు.

బస్సులో కూర్చోగానే నిద్రపోయాడు. అత్త మోచేత్తో పొడిస్తే గాని లేవలేదు. ఊరి మొగలోకి రాగానే అత్త అంది: "హారన్ కొట్టు."

"దారిలో ఎవులున్నారే కొట్టడానికి?"

"ఇళ్ళల్లో ఉన్నారు కదా. కొట్టు."

మావ కొట్టాడు. ఇల్లు చేరేదాకా కొడుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత మా ఊళ్ళో నులకమంచం మీద ఎవర్నీ రోడ్డుకి మోయలేదు. ఎవరికి అవసరమైనా మావ బండి కట్టేవాడు. అందరికీ అత్తకి చెప్పిన మాట డాక్టర్లు చెప్పలేదు. కొందరు ఎన్నోసార్లు తిరిగి, ఒకనాడు ఆగిపోయారు. కానీ వెళ్ళడానికి భయపడి ఇంట్లోనే ఉండిపోయినవాళ్ళు తగ్గారు. మావ దీని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. బ్యాటరీల గురించి మాత్రం ఎవరడిగినా చెప్పేవాడు. రెండు రోజులు వాడకపోయినా ఛార్జింగ్ లేకుండా ఉంచకూడదనేవాడు. "ఆకలితో పడుకోబెట్టొద్దు దాన్ని. నెగదు."

మావని తీసుకెళ్ళేటప్పుడు ఎవరో కుర్రాళ్ళు, ఆయన బండి మీదే తీసుకెళ్దాం అన్నారు. బాగానే ఉంటుందని నాకూ అనిపించింది. అత్త ఒప్పుకోలేదు.

"ఆయన్ని మీరు మొయ్యండి. ఆ బండి తిరిగొచ్చే మనుసులకి."

నలుగురం మోశాం.

దినాలయ్యాక అత్తని వాళ్ళ కూతురు, కొన్నాళ్ళు నందిగాంలో తన దగ్గర ఉండమని పిలిచింది. బయల్దేరే ముందు అత్త వేలి ఉంగరం తీసి గూట్లో పెట్టి, ఛార్జింగ్ పిన్ను పీకి, మూతలు తీసి చూసింది. రెండు గదుల్లో నీళ్ళు తగ్గాయి. డబ్బా వంచి పలకలు మునిగేదాకా పోసి ఆపింది. చెయ్యి కడుక్కుని ఉంగరం పెట్టుకుంది. రోడ్డు దగ్గర బస్సు వచ్చేటప్పుడు నాతో అంది:

"ఎల్లగానే ఛార్జింగ్ పెట్టు అల్లుడా. నీళ్ళు…"

"తిన్నాకే అత్తా."

అత్తా కూతురూ పొద్దుటి బస్సుకి నందిగాం వెళ్ళారు. నెలాఖరుకి వస్తానంది. బండి నేను వెనక్కి తోలుకొచ్చాను.