మెడలో వేసిన పలక

వెంకటరావమ్మ వినుకొండ దగ్గర ఓ ఊళ్ళో ఇరవై ఆరేళ్ళు టీచరుగా పనిచేసింది. పిల్లలకు ఆమె అంటే హడల్. చదువు రాకపోవడమంటే బద్ధకమేనని ఆమె గట్టి నమ్మకం.

తొంభై ఏడులో, పరుపులు కుట్టే మాబు కూతురు సైమా ఆమె దగ్గర నాలుగో తరగతి చదివేది. పద్యం ఒకసారి వింటే తప్పు లేకుండా అప్పజెప్పేది. పుస్తకం ఇస్తే మాత్రం నోరు పెగిలేది కాదు. ‘పలక’ రాయమంటే ‘వలక’ అని రాసేది. వందసార్లు రాయించినా అంతే. పొగరనుకుంది వెంకటరావమ్మ. ఒకరోజు విసిగిపోయి, పలక మీద ‘మొద్దు’ అని రాసి ఆ పిల్ల మెడలో వేలాడదీసి ఇంటికి పంపింది. సైమా మళ్ళీ బడికి రాలేదు. ఎందుకు రాలేదో కనుక్కోవడానికి టీచరు వెళ్ళనూ లేదు.

ఆరేళ్ళ తర్వాత గుంటూరులో టీచర్లకు శిక్షణ పెట్టారు. డిస్లెక్సియా అనేదొకటుందని, తెలివైన పిల్లలకు కూడా అక్షరాలు పట్టుబడవని, వేరే పద్ధతిలో నేర్పితే వస్తాయని ఒక డాక్టరమ్మ చెప్పింది. అలాంటి పిల్లవాడి నోటుపుస్తకం తెరిచి చూపించింది. ప ఉండాల్సిన చోటల్లా వ. వెంకటరావమ్మకు ఆ పూట అన్నం సయించలేదు.

ఆదివారం మాబు ఇంటికి వెళ్ళింది. పదహారేళ్ళ సైమా మిరప కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతోందని తల్లి కరీమున్ చెబితే అక్కడికే వెళ్ళి, పక్కన కూర్చుంది.

“తప్పు నీది కాదమ్మా, నాది,” అంది.

సైమా చేతులు ఆగలేదు. “ఆ పలక మీద ఏం రాశారో నాకు తెలవదు టీచర్‌గారూ. బాగా చదివానని మెళ్ళో ఏశారనుకున్నా. బజారంతా చూపించుకుంటా ఎల్లాను. ఇంట్లో మా అమ్మకీ చదవటం రాదుగా. పక్కింటోళ్ళు చెప్పారు.”



మర్నాటి నుంచి వెంకటరావమ్మ రోజూ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి నేర్పింది. పళ్ళెంలో బియ్యప్పిండి పరిచి, వేలితో అక్షరం దిద్దిస్తూ దాని శబ్దం పైకి పలికించేది. ప పూర్తిగా వచ్చేదాకా వ జోలికి పోలేదు. నాలుగు నెలలకు సైమా చిన్న చిన్న మాటలు కూడబలుక్కుని చదవగలిగింది. ఇంతలో దాచేపల్లి సంబంధం కుదిరి, నికా అయిపోయింది. ఇంకో ఏడాది ఆగమని బతిమాలినా మాబు వినలేదు.

టీచరు పెద్ద పెద్ద అక్షరాలతో కార్డులు రాసేది. జవాబు రాలేదు. అత్తగారింట్లో పుస్తకం పట్టనివ్వరని, వచ్చిన నాలుగు ముక్కలూ మరిచిపోయిందని, ఆ కార్డులు భర్త చేత చదివించుకోవడానికి సిగ్గుపడుతోందని కరీమున్ చెప్పింది.

ఆ తర్వాత బడిలో అలాంటి పిల్లలు ఎవరు కనబడినా వెంకటరావమ్మ వదల్లేదు. ఏడుగురు చదువులో నిలబడ్డారు. ఆమెను అందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోళ్ళు ఆమె చెవికెక్కేవి కావు.

రిటైరయ్యే ముందు ఒకసారి దాచేపల్లి వెళ్ళింది. సైమా చాప వేసి టీ ఇచ్చింది. చంటిపిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని ఎండల గురించీ, ఊరి పక్క సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము గురించీ మాట్లాడింది. చదువు ఊసు ఇద్దరూ ఎత్తలేదు. బస్సు వేళయిందని వెంకటరావమ్మ లేచింది.