హెల్మెట్ మీద గీతలు

విశ్వకర్మ పూజకి నా హెల్మెట్ తెమ్మని మా అయ్య ఫోన్ చేసినప్పుడు నేను అలవాటు కొద్దీ జోకు వేశాను.

"ఏది అయ్యా, బండి హెల్మెట్టా?"

"ఆటదిరా. నువ్వు పెట్టుకుని ఆడతావు కదా, అది. ఈపాలి అందరూ అడగతన్నారు. నా సేతిజోళ్ల పక్కని పెడతాను."

నాకు మాట రాకపోవడం మా ఇంట్లో వింత. "సిగ్నల్ పోనాదేటి?" అని అయ్య రెండుసార్లు అడిగాడు. సిగ్నల్ బాగానే ఉంది. సిగ్గే అడ్డం పడింది. ఎందుకంటే ఆ సీజనంతా నేను ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

స్టీలు ప్లాంటు కార్మికులుండే మా క్యాంప్ 2లో విశ్వకర్మ పూజ వస్తే మనుషుల కంటే ముందు పనిముట్లు స్నానం చేస్తాయి. ప్లాంటు లోపల ఏ డిపార్టుమెంటు పూజ ఆ డిపార్టుమెంటుదే. రిటైరైనవాళ్లకీ, కాంట్రాక్టు ఠేకేదారు కింద పనిచేసేవాళ్లకీ మాత్రం మా వీధి మొగలో ఒక చిన్న పందిరి వేస్తారు. దేవుడి బొమ్మ ముందు పానాలు, సుత్తులు, వెల్డింగ్ హోల్డర్లు వరుసగా పేరుస్తారు. దానికి మావాళ్లదొక కట్టుబాటుంది. కొట్లో కొన్న కొత్త పనిముట్టు పెట్టకూడదు. పని చేసినదై ఉండాలి. మసో, గీతో, వంకరో ఏదో ఒక గుర్తు కనపడాలి. ఒక ఏడాది ఒకాయన మెరిసిపోయే డ్రిల్లు తెస్తే "పెళ్లికూతురు నాగున్నాదిరా, ముందు కాపరం సెయ్యనీ" అని వెనక్కి పంపించేశారు.

మా అయ్య కోక్ ఓవెన్ల మీద పనిచేశాడు. కింద బొగ్గు మండుతుంటే పైన నిలబడి మూతలు తీసే పని. రిటైరయ్యేటప్పుడు ఆయన ఇంటికి తెచ్చుకున్నది ఒక జత చేతిజోళ్లు. వేడికి అట్టముక్కల్లా గట్టిపడిపోయి, లోపల చేతులు లేకపోయినా వేళ్లు ముడుచుకునే ఉంటాయి. ప్రతి ఏడాదీ దేవుడి ముందు మొదటి వరస వాటిదే. ఇప్పుడు వాటి పక్కన నా హెల్మెట్!

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా అమ్మ అంటుంది. ఆ తర్వాత నాకు అబ్బిన చదువు కబడ్డీ ఒక్కటే. ఎడమ మూల నాది. కూతకొచ్చినవాడి మడమ నా చేతికి దొరికితే వాడు ఇంటికి కబురు పెట్టుకోవలసిందే. సెక్టర్ 4 మైదానంలో ఒక టోర్నమెంటు ఆడుతుంటే చూసిన కోచ్ ఒకాయన ఆట అయ్యాక నన్ను పక్కకి పిలిచాడు. అమెరికా వాళ్ల ఫుట్‌బాల్ మన దగ్గర కూడా జట్లు కట్టి ఆడిస్తున్నారట. బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తేవాణ్ణి నేలకేసి కొట్టే మనుషులు కావాలట.

"అది పోలీసుల పని కదా సార్" అన్నాను.

"జీతం కూడా ఇస్తాం" అన్నాడాయన.

"అయితే నేనే పోలీసుని" అన్నాను.

పూణే దగ్గర ట్రైనింగ్ క్యాంపు. భుజాల మీద పలకలు, నెత్తిన ఇనప జాలీ ఉన్న హెల్మెట్. మా అయ్య ఆ ఫోటో చూసి, జట్టంతా ఒకే రంగు హెల్మెట్లు పెట్టుకున్నారని మహా సంబరపడ్డాడు. "ఆఫీసరూ లేబరూ తేడా నేదన్నమాట" అన్నాడు. ప్లాంటులో మనిషి హోదా హెల్మెట్ రంగులో ఉంటుంది మరి.

నా పని డిఫెన్స్. అవతలి జట్టు బంతితో మావైపు నేల గెలుచుకుంటూ వస్తుంది, నేను రానివ్వకూడదు. అంతే. మొదటి సీజన్ బాగానే పడగొట్టాను. తెల్లారి లేస్తే నా ఒళ్లు నాది కాదనిపించేది, అయినా బాగుండేది. కోచ్ నా మడమ పట్టు చూపించి మిగతావాళ్లకి పాఠం చెప్పేవాడు. బడిలో ఎప్పుడూ బెంచీ ఎక్కినవాణ్ణి, పాఠంలోకి ఎక్కాను.

నన్ను ముంచింది కూడా కబడ్డీయే. కబడ్డీలో మూలనున్నవాడు కూతకొచ్చినవాణ్ణి చూసి వెనక్కి తగ్గుతాడు. భయపడి కాదు. వాణ్ణి లోపలికి రానిస్తాడు. ఎంత లోపలికి వస్తే గీత వాడికి అంత దూరం. అప్పుడు పడతాడు. ఆ తెలివి నా కాళ్లలో ఇంకిపోయింది. ఈ ఆటలో అది తెలివి కాదు, దానం. నేను వెనక్కి వేసిన ప్రతి అడుగూ అవతలివాడి ఖాతాలో పడుతుంది. "ఎందుకు వెనక్కి పోతున్నావ్?" అని కోచ్ గొంతు చించుకునేవాడు. "సర్, వాణ్ణి నమ్మిస్తున్నా" అనేవాణ్ణి. అందరూ నవ్వేవారు. రెండో సీజన్ చివరి మ్యాచ్‌లో, మేము గెలుస్తున్న మ్యాచ్‌లో, బంతి పట్టుకున్నవాడు నా మీదికే వచ్చాడు. నా కాళ్లు వాటంతట అవే వెనక్కి నడిచాయి. వాడు నేను ఇచ్చిన చోటంతా పుచ్చుకుని, నా పక్కనుంచి మా చివరి గీత దాటేశాడు. మ్యాచ్ పోయింది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

మూడో సీజన్‌కి నా చోటు ఒక హర్యానా కుర్రాడికి ఇచ్చారు. నన్ను తీసెయ్యలేదు. ప్రాక్టీసులో అవతలి జట్టు వేషం వేసుకుని మావాళ్లకి ఎదురుగా నిలబడాలి, వాళ్లు నా మీద గుద్దులు సాధన చేస్తారు. మ్యాచ్ రోజున ఉతికిన బట్టలు వేసుకుని గీత బయట నిలబడాలి. అలా నిలబడే ఒకరోజు ఆ హర్యానా కుర్రాడు ఒకణ్ణి గాల్లోకి లేపి పడేస్తుంటే ఫోన్లో వీడియో తీశాను. బాగుంది కదా అని ఇంటికి పంపాను. వెంటనే అయ్య ఫోన్.

"నువ్వేనేటిరా ఆడిని ఎత్తి పడేసింది?"

హెల్మెట్ పెట్టుకుంటే ఎవడి ముఖం ఎవడికి తెలుస్తుంది? "మరి నీ కొడుకు కాకపోతే నీ అల్లుడా?" అన్నాను. మా ఇంట్లో ఆడపిల్లే లేదు. అయ్య పడీ పడీ నవ్వాడు. వీడియో తీసినవాడు మైదానం బయట ఉంటాడు కదా అని ఆయనకి తోచలేదు. జోకే కదా, తర్వాత చెబుదాంలే అనుకున్నాను. ఆ తర్వాత అన్నది రాలేదు.

కిట్లు చూసుకునే ఆయన్ని బతిమాలి హెల్మెట్ తీసుకుని దుర్గ్‌లో రైలు దిగాను. ఆటో వీధి మొగలోకి రాగానే, పందిరి కింద ఉన్నవాళ్లు నన్ను కాదు, నా ఒళ్లోని సంచిని చూశారు. క్రేన్ మావ ముందుకొచ్చాడు. ఆయన అయ్యకి పాత జతగాడు. ప్లాంటులో క్రేన్ నడిపేవాడు కాబట్టి వీధంతటికీ క్రేన్ మావే.

"ఏటల్లుడూ, గుమ్మడికాయ తెచ్చినావేటి?"

"దిష్టికి మావా. నీకే" అన్నాను.

అయ్య నా చేతిలోంచి హెల్మెట్ తీసుకుని పంచె అంచుతో తుడిచాడు. అది కొత్తగా మెరుస్తూ ఉంటే నా పని తేలికయ్యేది. కట్టుబాటు ప్రకారం వెనక్కి పంపేద్దురు. కానీ జట్టులో అందరి హెల్మెట్ల కంటే నాదే ఎక్కువ దెబ్బలు తిన్నది. రోజూ గుద్దించుకునేవాడి హెల్మెట్ అలాగే ఉంటుంది. ఒక పక్క రంగు లేచిపోయింది. జాలీ కొద్దిగా వంగింది. నుదుటి మీద అడ్డంగా గీతలు.

"అబ్బో, దీనికి బాగా కాపరం అయినాదిరా!" అన్నాడు మావ. పక్కనున్న వెల్డర్ భయ్యా "ఇత్‌నా మారా హై!" అని, ఇంతలా కొట్టాడా అన్నట్టు నోరు తెరిచాడు.

అయ్య గీతల మీద వేలు పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. "ఈ తెల్లది సూడు. తెల్ల హెల్మెట్టోడిని పడేసినప్పటిది. ఇది ఆ వీడియోలోది. ఆడిని ఎత్తి కొట్టినాడు కదా, అప్పుడు తగిలినాది." ఏ గీత కథా ఆయనకి నేను చెప్పలేదు. ఆయనే అల్లుకున్నాడు. వీడియోని పదే పదే చూసి, ఒక్కో గీతకీ ఒక్కో మనిషిని పడగొట్టించాడు. ప్లాంటులో ఇన్నేళ్లు పనిచేసినా ఆయన తన గురించి ఇలా చెప్పుకోవడం నేను వినలేదు.

నేను నవ్వు ముఖం పెట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు అయ్య వంగి, దేవుడి ముందున్న తన చేతిజోళ్లని వెనక వరసలోకి జరిపాడు. ఖాళీ అయిన చోట నా హెల్మెట్ పెట్టాడు. మావ కుంకుమ తీసి దానికి బొట్టు పెట్టేశాడు.

జోళ్లు వెనక్కి జరగడం నేను చూడలేకపోయాను.

"అయ్యా, జోళ్లు ముందే ఉంచు" అన్నాను. "ఆ గీతలు నేను కొట్టినవి కాదు. నన్ను కొట్టినవి. ఈ సీజన్ నన్ను ఆడించట్నేదు. ప్రాక్టీసులో గుద్దడానికి డమ్మీ కింద ఉంచినారు."

క్రేన్ మావ కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"డమ్మీకి జీతమా! నాకూ ఒకటి సూడల్లుడూ. ఇంటికాడ మీ అత్త ఫ్రీగా గుద్దతాది!"

అందరూ గొల్లుమన్నారు. "నిజం మావా, ఒట్టు" అన్నాను. "సూసినారా, ముఖం కూడా కదపడు!" అన్నాడు మావ. "మజాకియా హై యే" అని నన్ను జోకులవాణ్ణి చేసేశాడు వెల్డర్ భయ్యా, కళ్లు తుడుచుకుంటూ. నేను గొంతు పెంచాను. పెంచినకొద్దీ నవ్వు పెరిగింది. చిన్నప్పటి నుంచీ వీధిలో చావులు తప్ప అన్నిటి మీదా జోకులు వేసినవాణ్ణి. నా నోట నిజం ఎలా ఉంటుందో వాళ్లు ఎప్పుడూ వినలేదు. ఎలా గుర్తుపడతారు?

నవ్వనిది అయ్య ఒక్కడే. నా ముఖంలోకి చూస్తున్నాడు. తర్వాత నా మోచెయ్యి పట్టుకుని పందిరి గుంజ వెనక్కి తీసుకెళ్లాడు. జేబులోంచి ఫోన్ తీసి ఆ వీడియో పెట్టాడు.

"మరి ఈడెవుడు?"

"హర్యానా అబ్బాయి. నా సోటులో ఆడతన్నాడు."

అయ్య వీడియో చివరిదాకా చూశాడు. అంతకు ముందు ఎన్నిసార్లు చూశాడో, ఇప్పుడు కొత్తవాడెవణ్ణో చూసినట్టు చూశాడు.

"ఆడి అయ్య సూసినాడేటి ఇది?"

నాకు తెలియదు. వాడికి తండ్రి ఉన్నాడో లేడో కూడా తెలియదు. ఒకే గదిలో పడుకుంటాం. రోజూ వాడి మీద జోకులు వేస్తాను. ఆ ఒక్క సంగతి ఎప్పుడూ అడగలేదు.

"నాను అందరికీ సూపించినాను" అన్నాడు అయ్య. "నందిని గనిలో పనిసేసే మీ సిన్నాన్నకి పంపినాను. ఆడు గని కాడ కనపడినోడికల్లా సూపించినాడు. ఎవుడి కొడుకునో నా కొడుకని." ఫోన్ జేబులో పెట్టుకుని, "ఆ అబ్బాయికి పంపు. ఇంట్లో సూపించుకోమను" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండును. తిట్టుకి నా దగ్గర వంద సమాధానాలుంటాయి.

"హెల్మెట్ తీసెయ్యనా?" అన్నాను.

"బొట్టెట్టేసినారు. నిమజ్జనం దాకా కదపకూడదు." మళ్లీ అడిగాడు, "దెబ్బలు నిజమేనా?"

"నిజమే."

"అయితే ఉండనీ. నాను సెప్పిన మాటలే తప్పు. అయి మార్సుకోవాల."

పందిరిలోకి వెళ్లి, ముందు తన జోళ్లని మొదటి వరసలోకి తెచ్చి హెల్మెట్ పక్కన పెట్టాడు. ఈలోగా మొదటి షిఫ్టు దిగినవాళ్లు సైకిళ్ల మీద రావడం మొదలైంది. మావ వాళ్లని చెయ్యి పట్టుకుని హెల్మెట్ దగ్గరకి లాక్కొచ్చాడు. "సూడండి, మనోడు ఎంతమందిని పడేసినాడో! ఒక్కో గీతా..."

"కాదు" అన్నాడు అయ్య. "అయి ఆడికి తగిలినయి. ఆడికి ఆట్లో సోటు పోనాది. ఇప్పుడు ప్రాక్టీసులో దెబ్బలు తింటన్నాడు."

మావ నోరు తెరిచి నవ్వబోయి, అయ్య ముఖం చూసి ఆగిపోయాడు. అయ్య జీవితంలో ఎప్పుడూ జోకు వెయ్యలేదు. వచ్చినవాళ్లు ఒకసారి నావైపు చూసి, ఏం చెయ్యాలో తోచక, హెల్మెట్‌కి దణ్ణం పెట్టి పక్కకి తప్పుకున్నారు.

మళ్లీ ఎవరో వచ్చారు. ఈసారి నేనే చెబుదామని నోరు తెరిచాను. ఆయన నా ముఖం చూడగానే నవ్వడానికి సిద్ధమయ్యాడు. నేను నోరు మూసుకున్నాను. అయ్య చెప్పాడు. అదే మాట, అదే గొంతు. ఎక్కువా లేదు, తక్కువా లేదు. నా తరఫున క్షమించమనీ అనలేదు, నన్ను వెనకేసుకునీ రాలేదు.

సాయంత్రం దాకా వీధి సగం ఆ పందిరి కిందకి వచ్చి వెళ్లింది. వచ్చినవాళ్లందరికీ అయ్య ఆ మాట చెబుతూనే ఉన్నాడు. ఆయన పక్కన కూర్చుని నేను దొన్నెల్లో బూందీ పెట్టి ఇస్తూ ఉన్నాను. నా ముఖం చూస్తే నమ్మరేమోనని తల వంచుకునే ఇచ్చాను.