గొట్టం ముట్టుకునే ముందు

ఆసుపత్రిలో ఆ నర్సును అందరూ ఎనిమా అక్క అంటారు. ఆ పేరుకు ఆమె నొచ్చుకోదు. మలబద్ధకంతో వచ్చినవాళ్ల సిగ్గును ముందు దుప్పటితో కప్పుతుంది, నీళ్లు మణికట్టు మీద పోసుకుని వేడి చూస్తుంది, గొట్టం కొసకు జెల్లీ పూసి తొందరపడకుండా పని ముగిస్తుంది. అయితే పొట్ట మీద అరచెయ్యి ఆనించి రెండు మాటలు అడగనిదే గొట్టం ముట్టుకోదు.

ఆ ఉదయం కుట్టుపని చేసే పెద్దాయన ఒకరు ఐదు రోజులుగా విరేచనం కాలేదని కూతురితో వచ్చాడు. ఇంట్లో సబ్బునీళ్లు ఎక్కించి రెండుసార్లు ప్రయత్నించారట. చిన్న డాక్టరు తల ఎత్తకుండానే చీటీలో ఎనిమా అని రాసిచ్చాడు. పొట్ట మీద అక్క చెయ్యి తగలగానే పెద్దాయన పళ్లు బిగబట్టాడు. పొట్ట చెక్కలా ఉంది.

"వాంతులయ్యాయా బాబాయ్? గాలి పోతోందా?"

"పొద్దున్నే పచ్చగా కక్కాను. గాలీ లేదు, గీలీ లేదు. చొక్కా కుట్టడానికి నేను కూడా ఇన్ని కొలతలు తియ్యను. కానివ్వమ్మా."

"చెయ్యను. లోపల దారి మూసుకుపోయినట్టుంది. ఇప్పుడు నీళ్లు తోస్తే పేగుకు చిల్లు పడొచ్చు."

"చీటీ ఉంది కదండీ," అంది కూతురు.

ఆ చీటీ పట్టుకుని అక్క డాక్టరు బల్ల ముందు నిలబడింది. "పొట్ట చూసి మళ్లీ రాయండి సార్."

"నాకు చెప్తున్నావా?"

"అవును సార్."

బయట వరుస గొణుగుతున్నా ఆమె కదల్లేదు. చివరికి అతను విసుగ్గా లేచి వచ్చాడు. పొట్ట నొక్కగానే ముఖంలో విసుగు పోయింది. ఎనిమా అన్న మాట కొట్టేసి, ఎక్స్‌రే తీయించి, సర్జన్‌ను పిలిపించాడు.

ఆపరేషన్ గదికి వెళ్లే స్ట్రెచర్ మీద పెద్దాయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "కోత అంటే నాకు భయమమ్మా."

"భయపడండి బాబాయ్. కానీ వెళ్లండి," అంటూ తనే స్ట్రెచర్ తోసింది.