గుర్రాల సర్వేకు ఒక్కటే తాడు

గుర్రాల ముక్కుల్లో స్రావం తీసి పరీక్షకు పంపే సర్వే మాకు అప్పగించినప్పుడు, పై నుంచి ముందుగా వచ్చినవి టోపీలు. తర్వాత ఫ్లెక్సీ. చేతి తొడుగులు అడిగితే ఉన్నవాటితో సర్దుకోమన్నారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బారెడు ఫారాలు అచ్చేయించడానికి తీరిక ఉన్నవాళ్లకు నాలుగు తాళ్లు కొనివ్వడానికి లేకపోయిందా?

నేను పశువైద్య సహాయకుణ్ణి. ఆదోనిలో జట్కా గుర్రాలు, పెళ్లి ఊరేగింపుల గుర్రాలు ఇంకా ఉన్నాయి. కొన్నింటికి దవడ కింద గడ్డలు లేచి, ముక్కు వెంట చీము కారుతోందని కబురు వచ్చింది. అది అంటురోగం. పెద్ద గుర్రాలు చాలావరకు తట్టుకుంటాయి, పిల్లలకు మాత్రం గొంతు మూసుకుపోతుంది.

స్రావం తీసే దూది పుల్ల ముక్కులో పెట్టనివ్వడానికి గుర్రం ఊరికే ఒప్పుకోదు. పై పెదవికి తాడు మెలేసి బిగిస్తే కదలకుండా నిలబడుతుంది. మా దగ్గర ఆ తాడు ఒక్కటే. పొద్దున ఆదోనిలో పదకొండు మూతులకు బిగించి, దాన్నే జీపులో వేసుకుని మధ్యాహ్నానికి ఎమ్మిగనూరు చేరాం.

అక్కడ జట్కా తోలే ఒకాయన ఇంట్లో తల్లి గుర్రం, నాలుగు నెలల పిల్ల ఉన్నాయి. పిల్ల చెంగుచెంగున దూకుతోంది. ఆయనే దాన్ని ఒడిసి పట్టుకున్నాడు. తాడు ఇంకా తడిగానే ఉంది. పిల్ల మూతికీ బిగించాను.

రెండు వారాలకు ఫోన్ చేశాడు. "సార్, పిల్ల మెడ సాపి నిలబడింది. ఊపిరి తీస్తే గుర్రుమంటాంది. పాలు తాగల్యా. బిన్నా రాండి సార్."

పోయీ పోగానే ఆయన మీద విరుచుకుపడ్డాను. "పది గుర్రాలు మూతిపెట్టే తొట్టిలో నీళ్లు తాపితే రాదా అప్పా? మీకెన్నిసార్లు చెప్పాలి!" వీధంతా విన్నది. ఆయన పిల్ల తలను తొడ మీద పెట్టుకుని కూర్చున్నాడు. గడ్డ కోశాం, సూదులు వేశాం. మూడో రోజు పిల్ల చచ్చిపోయింది.

ఆ తర్వాత పరీక్షల ఫలితాలు వచ్చాయి. మేము పోయిన రోజున ఆ పిల్లకు ఏ రోగమూ లేదు. పొద్దున చూసిన ఆదోని గుర్రాల్లో మూడింటికి ఉంది.

పిల్ల చావు మీద పంపాల్సిన ఫారంలో, మరణ కారణం గడిలో ఆఫీసువాళ్లు అప్పటికే 'యజమాని అజాగ్రత్త' అని రాసిపెట్టారు. కొట్టేసి, 'సర్వేలో వాడిన తాడు' అని రాశాను. సరిదిద్ది పంపమని ఫారం తిరిగొచ్చింది. అధికారి ముందే అరిచాను. "తాడు ఇవ్వనిది మీరు, అజాగ్రత్త ఆయనదా?" అరుస్తున్నాను గానీ, ఆ తాడును ఒక గిన్నెలో వేసి ఉడకబెట్టొద్దని నాకెవరూ చెప్పలేదు. ఆ బుద్ధి నాకే లేకపోయింది. సిగ్గేసింది.

మరుసటి రోజు ఎమ్మిగనూరు పోయి, జరిగింది జరిగినట్టు ఆయనకు చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆదోని పక్క రోగం ఉందని తెలిసి నెల దినాలు జట్కా కట్టల్యా సార్," అన్నాడు. "తల్లినీ పిల్లనూ బయటికి ఇడసల్యా. మా బామ్మర్ది గుర్రం తోలుకొని వస్తే వాకిట్లోంచే ఎనక్కి పంపిచ్చినా. మీరు సర్కారోళ్లు కదా అని లోపలికి రానిచ్చినా."